55 కౌంటీల లెక్క

అమెరికా ప్రైమరీల, అంటే ప్రతి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి పెట్టే ఎన్నికల, మాట రాగానే మన టీవీ చర్చల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక వివరణ తయారుగా ఉంటుంది. "అక్కడా మన కుల సమీకరణాలే. నల్లవాళ్ళు నల్లవాళ్ళకి వేస్తారు, పేద తెల్లవాళ్ళు తెల్లవాళ్ళకి వేస్తారు, చదువుకున్నవాళ్ళు ఆలోచించి వేస్తారు." వినడానికి బాగానే ఉంటుంది. కానీ కౌంటీల (రాష్ట్రంలో మన జిల్లాల్లాంటి ముక్కలు) వారీ ఫలితాలు ముందు పెట్టుకుని చూస్తే ఇందులో మొదటి రెండు ముక్కలూ నిలబడవు. మూడోది చదువుకున్నవాళ్ళు తమ గురించి తాము చెప్పుకునే మాట.

జాతీ వర్గమూ ఓటుని నడపవని నా వాదన కాదు. ప్రైమరీల్లో అవి రెండు పార్టీలూ తలపడే నవంబర్ ఎన్నికలకంటే గట్టిగానే పనిచేస్తాయి. నవంబర్‌లో ఓటరు చేతిలో పార్టీ పేరు ఉంటుంది, నూటికి తొంభై మంది దాన్ని పట్టుకునే వేసేస్తారు. ప్రైమరీలో నిలబడ్డవాళ్ళందరిదీ ఒకే పార్టీ, విధానాల్లో తేడా కూడా చాలాసార్లు అంగుళం మందమే. అప్పుడు ఓటరు వేరే ఆనవాళ్ళు వెతుక్కుంటాడు: మనిషి ఎవరు, ఎక్కడివాడు, ఎలా మాట్లాడతాడు, నవంబర్‌లో గెలుస్తాడా. జాతి, వర్గం లోపలికొచ్చేది ఈ సందులోంచే. అయితే "ఎవరికి వేశారు" అన్న ఒక్క ప్రశ్నతో వాటిని కొలవబోతే లెక్క తప్పుతుంది. ఎవరిని కాదని వేశారు, ఏ పద్ధతిలో వేశారు అన్నవి కూడా అడగాలి.

ఒకే రాష్ట్రం, రెండు తీర్పులు

2008 మే 13న వెస్ట్ వర్జీనియా డెమోక్రటిక్ ప్రైమరీలో హిల్లరీ క్లింటన్‌కి 67 శాతం, బరాక్ ఒబామాకి 26 శాతం వచ్చాయి. రాష్ట్రంలోని 55 కౌంటీలూ ఆమెకే. అప్పటికే డెలిగేట్ల (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఖాయం చేసే ప్రతినిధులు) లెక్కలో ఒబామా చేరుకోలేనంత ముందున్నాడు, రేసు దాదాపు ముగిసింది. అయినా జనం వరసకట్టి ఆమెకి వేశారు. ఎగ్జిట్ పోల్‌లో తెల్లజాతి ఓటర్లలో దాదాపు ఐదో వంతు మంది అభ్యర్థి జాతిని చూసి నిర్ణయించుకున్నామని నేరుగా ఒప్పుకున్నారు. అలా ఒప్పుకున్నవాళ్ళలో అత్యధికులు క్లింటన్‌కి వేశారు. కష్టపడి పనిచేసే తెల్లజాతి అమెరికన్లు తన వెంటే ఉన్నారని ఆ నెలలోనే ఆమె ఒక పత్రికతో అని విమర్శల పాలైంది. దాంతో "తెల్లజాతి శ్రామికుల అభ్యర్థి" అన్న బిరుదు ఆమెకి స్థిరపడింది.

ఎనిమిదేళ్ళు గడిచాయి. 2016 మే 10న అదే రాష్ట్రంలో, అదే పార్టీ ప్రైమరీలో బెర్నీ సాండర్స్‌కి 51 శాతం, క్లింటన్‌కి 36 శాతం. 55 కౌంటీలూ సాండర్స్‌కే. 2008లో ఒక్క కౌంటీ కూడా వదలకుండా ఆమెకి ఇచ్చిన రాష్ట్రం 2016లో ఒక్కటీ మిగల్చలేదు.

సాండర్స్‌ది వర్గ రాజకీయం కాబట్టి శ్రామికులు మేల్కొన్నారని అప్పట్లో చాలామంది సంబరంగా రాశారు. ఆ సంబరానికి ఆ రోజు ఎగ్జిట్ పోలే అడ్డం: సాండర్స్‌కి వేసినవాళ్ళలో పదిమందికి సుమారు నలుగురు నవంబర్‌లో ట్రంప్‌కి వేస్తామన్నారు. సోషలిస్టునని చెప్పుకునేవాడికి మేలో, ట్రంప్‌కి నవంబర్‌లో. దీన్ని వర్గ చైతన్యం అనాలంటే నాకు నోరు రావడం లేదు.

మధ్యలో 2012 కూడా ఉంది, దాన్ని మర్చిపోతుంటారు. అధ్యక్షుడిగా ఉన్న ఒబామా మీద పార్టీలో పోటీయే లేదనుకుంటున్న సమయంలో, టెక్సస్ ఫెడరల్ జైల్లో శిక్ష అనుభవిస్తున్న కీత్ జడ్ అనే ఖైదీ 2,500 డాలర్ల ఫీజు కట్టి వెస్ట్ వర్జీనియా బ్యాలెట్ మీద పేరు వేయించుకున్నాడు. అతనికి 41 శాతం వచ్చింది, కొన్ని కౌంటీల్లో గెలిచాడు కూడా. అతను ఎవరో వేసినవాళ్ళలో ఎంతమందికి తెలుసు? తెలియాల్సిన అవసరమూ వాళ్ళకి లేదు, రెండో పేరు ఉంటే చాలు. అదే నెలలో కెంటకీ ప్రైమరీలో ఒబామా పక్కన మనిషి పేరే లేదు, "ఎవరికీ కట్టుబడం" అన్న గడి మాత్రమే ఉంది. ఆ ఖాళీ గడికి 42 శాతం వచ్చింది.

వీళ్ళు డెమోక్రటిక్ ప్రైమరీలో ఏం చేస్తున్నారని అడగొచ్చు. అక్కడే పార్టీ నమోదు సంగతి వస్తుంది. బొగ్గు గనుల కౌంటీల్లో అప్పటికి తాతల కాలం నుంచీ డెమోక్రటిక్ నమోదే ఉండేది. షెరిఫ్ ఎవరు, కౌంటీ కమిషనర్ ఎవరు అన్నది చాలాచోట్ల డెమోక్రటిక్ ప్రైమరీలోనే తేలిపోయేది. ఊళ్ళో మాట చెల్లాలంటే ఆ నమోదు వదులుకోకూడని పరిస్థితి. అధ్యక్షుడి విషయంలో 2000 నుంచీ రిపబ్లికన్‌కే వేస్తూ, కాగితం మీద డెమోక్రాట్లుగా మిగిలినవాళ్ళు వేలల్లో ఉండేవాళ్ళు. ఏ పార్టీకీ నమోదు కాని వాళ్ళని కూడా అక్కడ డెమోక్రటిక్ ప్రైమరీలో వేయనిస్తారు. అంటే మనం "డెమోక్రటిక్ శ్రామిక ఓటు" అని చదువుతున్న అంకెలో, మనసులో ఆ పార్టీని ఎప్పుడో విడిచిపెట్టినవాళ్ళు కలిసి ఉన్నారు.

ఇక్కడ నా వాదనకి ఎదురుదెబ్బలు ఉన్నాయి. 2012 నాటికి బొగ్గు మీద ఒబామా ప్రభుత్వ పర్యావరణ నిబంధనలు ఆ ప్రాంతంలో పెద్ద కోపం. 2016 మార్చిలో క్లింటన్ ఒహాయోలో ఒక సభలో, బొగ్గు గని కార్మికులనీ కంపెనీలనీ పని లేకుండా చేయబోతున్నామన్న అర్థం వచ్చేలా మాట్లాడింది. ఆ వాక్యం ముందూ వెనకా ఆ కార్మికులకి కొత్త ఉపాధి చూపిస్తామన్న మాటలున్నా, గుర్తుండిపోయింది ఆ ఒక్కటే. కాబట్టి 2012, 2016 ఫలితాల్లో జాతి ఎంత, బొగ్గు ఎంత అని విడదీయడం కష్టం. 2008కి మాత్రం ఆ సాకు లేదు. ఒబామా అప్పటికి బొగ్గు తవ్వే ఇల్లినాయ్ సెనెటర్, గనులకి శత్రువన్న పేరు ఇంకా రాలేదు. ఇక 2016లో క్లింటన్ ఓటమిలో ఆడమనిషి అన్నది ఎంత పనిచేసిందన్న ప్రశ్న ఉంది. పనిచేసి ఉండొచ్చు. కానీ 2008లోనూ ఆమె ఆడమనిషే.

మిషిగన్‌ది దీనికి అద్దంలో బొమ్మ. 2016 మార్చి 8న అక్కడ క్లింటన్ 20 పాయింట్ల తేడాతో గెలుస్తుందని సర్వేలు చెప్పాయి. సాండర్స్ 49.7కి 48.3తో గెలిచాడు. నాలుగేళ్ళ తర్వాత అదే సాండర్స్, అదే వైద్య బీమా, అదే ఉచిత కళాశాల చదువు, అవే వాణిజ్య ఒప్పందాల మీద విమర్శలు. 2020 మార్చి 10న జో బైడెన్ 83 కౌంటీలూ గెలిచాడు. కార్యక్రమం మారలేదు, ఎదుటి మనిషి మారాడు. ట్రంప్‌ని ఓడించగలిగేవాడు కావాలన్న ఆత్రమూ, శివార్ల నుంచి కొత్తగా వచ్చిన ఓటర్లూ ఇందులో భాగమే, కాదనను. అయినా 2016లో సాండర్స్‌కి పడిన ప్రతి ఓటునీ ఆయన కార్యక్రమానికి పడిన ఓటుగా రాసుకున్నవాళ్ళు 2020లో ఖాతా సరిచూసుకోవాల్సి వచ్చింది.

నల్లజాతి ఓటు: ముందు అయోవా, తర్వాత సౌత్ కరోలైనా

"నల్లవాళ్ళు నల్లవాడికి వేశారు" అన్న మాటకి అందరూ చూపించేది 2008 జనవరి 26 సౌత్ కరోలైనా. అంకెలు నిజమే. అక్కడ ఓటేసిన డెమోక్రాట్లలో 55 శాతం నల్లజాతివాళ్ళు, వాళ్ళలో 78 శాతం ఒబామాకి వేశారు. తెల్లవాళ్ళలో మూడో అభ్యర్థి, తెల్లవాడైన జాన్ ఎడ్వర్డ్స్‌కి 40, క్లింటన్‌కి 36, ఒబామాకి 24.

కానీ దానికి మూడు నెలల ముందు పరిస్థితి వేరు. 2007లో చాలా సర్వేల్లో నల్లజాతి ఓటర్లలో కూడా క్లింటనే ముందుంది. పౌరహక్కుల ఉద్యమంలో దెబ్బలు తిన్న జాన్ లూయిస్ ఆ అక్టోబర్‌లో మద్దతు ప్రకటించింది ఆమెకే. ఒబామా నల్లజాతివాడని అప్పుడు ఎవరికి తెలియదు? తెలుసు. తెల్లవాళ్ళు అతనికి వేస్తారన్న నమ్మకం లేదు, అంతే. జనవరి 3న తొంభై శాతానికి పైగా తెల్లవాళ్ళున్న అయోవాలో అతను 37.6 శాతంతో మొదటి స్థానంలో నిలిచాక ఆ నమ్మకం వచ్చింది. మూడు వారాల్లో సౌత్ కరోలైనా తిరిగిపోయింది. ఫిబ్రవరిలో లూయిస్ కూడా మారాడు.

రంగే సరిపోయేదైతే 2004లో అదే సౌత్ కరోలైనాలో నల్లజాతి నాయకుడు అల్ షార్ప్టన్ గెలిచి ఉండాలి. ఆయనకి వచ్చింది పది శాతం లోపు. 45 శాతంతో గెలిచింది ఎడ్వర్డ్స్. ఆ రాష్ట్రంలోనే పుట్టినవాడు, తండ్రి బట్టల మిల్లు కార్మికుడు. 2020 రేసులో నల్లజాతి సెనెటర్లు కమలా హారిస్ 2019 డిసెంబర్‌లో, కోరీ బుకర్ 2020 జనవరిలో, ఒక్క ఓటు పడకముందే తప్పుకున్నారు. నల్లజాతి ఓటర్లు అప్పటికే డెబ్బై ఏడేళ్ళ తెల్లాయన బైడెన్ వైపు ఉన్నారు. ఫిబ్రవరి 26న సౌత్ కరోలైనా నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ బైడెన్‌కి మద్దతు ప్రకటించాడు. 29న ఆ రాష్ట్రంలో బైడెన్‌కి 48.7 శాతం, సాండర్స్‌కి 19.8. అప్పటిదాకా ఒక్క రాష్ట్రం గెలవని మనిషి మూడు రోజుల తర్వాత, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూజ్‌డే నాడు 14 రాష్ట్రాల్లో 10 గెలిచాడు.

కాబట్టి నల్లజాతి ఓటు కలిసికట్టుగా పడుతుందన్నది నిజం, అభిమానంతో పడుతుందన్నది తప్పు. ఇది ఎదుటివాళ్ళు ఏం చేస్తారో అంచనా వేసి వేసే ఓటు. నవంబర్‌లో ఓడిపోతే ఎక్కువ నష్టం తమకేనని అనుకునే వాళ్ళు, తెల్ల ఓటర్లు ఎవరిని భరించగలరో లెక్కకట్టి మరీ వేస్తారు. 2008లో ఆ లెక్క ఒబామా వైపు చూపింది, 2020లో బైడెన్ వైపు.

ఇక్కడ వర్గం ఏమైంది? తెల్లవాళ్ళని డిగ్రీ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని రెండు ముక్కలు చేసే గీత నల్లజాతి ఓటర్లలో దాదాపు కనపడదు. అట్లాంటా డాక్టరూ మిసిసిపీ డెల్టా పల్లెల్లోని కూలీ 2008లో ఒకే మనిషికి వేశారు. రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ డాసన్ దీన్ని ముడిపడ్డ తలరాతగా వివరించాడు: నా జాతికి ఏమవుతుందో నాకూ అదే అవుతుందన్న అనుభవం ఉన్నప్పుడు, మందికి ఏది మేలో చూడటమే తనకు ఏది మేలో తెలుసుకునే దగ్గరి దారి. వాళ్ళలో గీత ఉన్నది వయసు దగ్గర. 2016లోనూ 2020లోనూ ముప్పై లోపు నల్లజాతి యువతలో సాండర్స్ వాటా వాళ్ళ అమ్మమ్మల్లో కంటే ఎంతో ఎక్కువ. అయితే ప్రైమరీ రోజు లైన్లో ఎక్కువమంది అమ్మమ్మలే.

"శ్రామిక వర్గం" ఎవరు?

ఎగ్జిట్ పోల్ ఎలా తీస్తారో తెలిస్తే ఈ పదాన్ని వాడేముందు కొంచెం ఆగుతాం. ఎంపిక చేసిన బూత్ బయట ఒకరు నిలబడి ప్రతి నాలుగో మనిషికో పదో మనిషికో కాగితం ఇస్తారు. అందులో ఆదాయం ఒక ప్రశ్న, చదువు ఒక ప్రశ్న, ఇంట్లో యూనియన్ సభ్యులున్నారా అన్నది కొన్నిసార్లు. వీటిలో దేన్ని "వర్గం" అనుకోవాలన్నది విశ్లేషకుడి ఇష్టం, దాన్నిబట్టి కథ మారిపోతుంది. డిగ్రీ లేకుండా పది లారీలు నడిపించుకునే యజమాని చదువు ప్రకారం శ్రామికుడు. అప్పులతో పీహెచ్‌డీ చేసి గంటల లెక్కన పాఠాలు చెప్పే మనిషి పై వర్గం.

2016 రిపబ్లికన్ ప్రైమరీలలో ట్రంప్ ఓటర్ల సగటు కుటుంబ ఆదాయం, అంటే సరిగ్గా మధ్యలో ఉండే కుటుంబానిది, ఏటా 72,000 డాలర్ల దాకా ఉందని ఎన్నికల గణాంకాల విశ్లేషకుడు నేట్ సిల్వర్ అప్పట్లో ఎగ్జిట్ పోల్స్ నుంచి లెక్కకట్టాడు. దేశం మొత్తానికి అది 56,000. క్లింటన్, సాండర్స్ ఓటర్లది ఇద్దరికీ 61,000 దగ్గర. "పేదల తిరుగుబాటు" అని పేరు పడ్డ ఓటు దేశపు మధ్య గీతకంటే పైనే ఉంది. ట్రంప్ ఓటర్లని విడదీసింది ఆదాయం కాదు, డిగ్రీ. అసలు ప్రైమరీకి వచ్చేవాళ్ళే దేశ జనాభాకంటే వయసులోనూ ఆదాయంలోనూ పైమెట్టు. నిజంగా అట్టడుగున ఉన్నవాళ్ళు ఏ జాతివాళ్ళయినా ప్రైమరీకి రావడమే తక్కువ. రాని ఓటు ఏ పట్టికలోనూ కనపడదు.

వర్గం నేరుగా పనిచేసిన చోట కూడా అది మనం అనుకున్న వైపు తిరగదు. లాస్ వేగస్ కేసినో హోటళ్ళలో గదులు ఊడ్చేవాళ్ళు, వంటవాళ్ళ యూనియన్ కలినరీ లోకల్ 226. సభ్యుల్లో ఎక్కువమంది లాటినోలు, వలసవచ్చినవాళ్ళు. 2008లో యూనియన్ నాయకత్వం ఒబామాకి మద్దతిచ్చింది. కేసినోల్లో పెట్టిన తొమ్మిది ప్రత్యేక కాకస్ (బ్యాలెట్ బదులు సభలో కూర్చుని అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) కేంద్రాల్లో ఏడు క్లింటన్‌కి పోయాయి. 2020లో, సాండర్స్ అందరికీ ప్రభుత్వ బీమా తెస్తే దశాబ్దాల పోరాటంతో సంపాదించుకున్న తమ సొంత వైద్య పథకం పోతుందని యూనియన్ కరపత్రాలు పంచింది. సభ్యులు చాలామంది సాండర్స్‌కే వేశారు. ఇంటికెళ్తే ఆ పథకం పరిధిలోకి రాని అన్నదమ్ములూ, పక్కింటివాళ్ళూ ఉంటారు కదా.

ఏ పద్ధతిలో అడిగితే ఆ జవాబు

2008లో వాషింగ్టన్ రాష్ట్రం పది రోజుల తేడాతో రెండుసార్లు ఓటేసింది. ఫిబ్రవరి 9 కాకస్‌లో ఒబామా 68, క్లింటన్ 31. ఫిబ్రవరి 19 ప్రైమరీలో ఒబామా 51, క్లింటన్ 46. డెలిగేట్లని ఇచ్చింది కాకస్ ఒక్కటే, ప్రైమరీ ఊరికే. 2016లో మళ్ళీ రెండూ జరిగాయి. కాకస్‌లో సాండర్స్ 73, క్లింటన్ 27. మే ప్రైమరీలో క్లింటన్ 52, సాండర్స్ 48. కాకస్‌కి వచ్చింది రెండు లక్షల పైచిలుకు, ప్రైమరీకి దాదాపు ఎనిమిది లక్షలు. అదే ఏడాది నెబ్రాస్కాలో కూడా కాకస్ ఒకరిదీ ప్రైమరీ మరొకరిదీ అయ్యాయి.

కారణం గంటల్లో ఉంది. కాకస్ అంటే చెప్పిన టైముకి చెప్పిన హాలుకి వెళ్ళాలి, గంటో రెండో కూర్చోవాలి, పక్కింటివాళ్ళ ముందు ఫలానా మూలకి నడిచి నిలబడాలి. షిఫ్టులో ఉన్న నర్సూ, పసిపిల్లల తల్లీ, నడవలేని ముసలాయనా ఇంట్లోనే. వచ్చేవాళ్ళు తీరికా పట్టుదలా ఉన్నవాళ్ళు. వాషింగ్టన్ ప్రైమరీకి బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. వర్గం ఇక్కడ ఓటుని మార్చలేదు, ఓటేసేవాళ్ళనే మార్చింది. 2020కి ఈ రెండు రాష్ట్రాల డెమోక్రాట్లూ ప్రైమరీకి మారారు.

డెలిగేట్ల పంపకం ఇంకో మెలిక. డెమోక్రాట్లలో 15 శాతం దాటినవాళ్ళందరికీ దామాషాలో పంచుతారు, అదీ చాలావరకు జిల్లాల వారీగా (కౌంటీలు కావు, మన నియోజకవర్గాల్లాంటివి). ఇద్దరే ఉన్నారనుకుంటే నాలుగు డెలిగేట్లున్న జిల్లాలో 62.5 శాతం దాటితే తప్ప 3-1 రాదు. 60 శాతంతో గెలిచినా 2-2. అదే మూడు డెలిగేట్లున్న జిల్లాలో 50 శాతం మీద ఒక్క ఓటు చాలు, 2-1. ఆరుంటే 4-2 రావడానికి 58.3 దాటాలి. జిల్లాకి ఎన్ని డెలిగేట్లన్నది అంతకుముందు ఎన్నికల్లో ఆ జిల్లా పార్టీకి ఎన్ని ఓట్లేసిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పోలింగ్‌కి బాగా వచ్చే నగర నల్లజాతి జిల్లాలు బరువెక్కుతాయి. పౌరసత్వం లేనివాళ్ళూ పిల్లలూ ఎక్కువున్న లాటినో జిల్లాలు తేలికవుతాయి. 2008లో టెక్సస్ ప్రైమరీని ఓట్లలో క్లింటన్ 51-47తో గెలిచి, కాకస్ కూడా కలిపాక డెలిగేట్లలో 94-99తో ఓడిపోయిందంటే ముఖ్యంగా ఆ కాకస్ వల్ల, కొంత ఈ పంపకం వల్ల. అదే ఏడాది న్యూజెర్సీలో పది లక్షలకు పైగా ఓట్లు పడిన ప్రైమరీ గెలిచి ఆమె సంపాదించుకున్న ఆధిక్యం 11 డెలిగేట్లు, 59-48. ఇరవై వేల పైచిలుకు జనం వచ్చిన ఐడహో కాకస్‌లో ఒబామా సంపాదించింది 12, 15-3.

ఈ దామాషా ఊరికే రాలేదు. 1984లో నల్లజాతి అభ్యర్థి జెస్సీ జాక్సన్‌కి ఓట్లలో 18 శాతం వచ్చినా డెలిగేట్లు అంతకు చాలా తక్కువ వచ్చాయి. 1988లో దాదాపు 70 లక్షల ఓట్లు తెచ్చుకుని, మిషిగన్ కాకస్ గెలిచి, పార్టీతో బేరం పెట్టాడు: గెలిచినవాడికి బోనస్ ఇచ్చే పద్ధతులు తీసేయాలని. 1992 నుంచి అవి పోయాయి. పాత పద్ధతులే ఉంటే కాలిఫోర్నియా, న్యూయార్క్, ఒహాయో, పెన్సిల్వేనియా గెలిచిన క్లింటన్‌ని 2008లో ఆపడం కష్టమయ్యేది.

రిపబ్లికన్ల దగ్గర ఆ బేరం ఎవరూ పెట్టలేదు. 2024 ఫిబ్రవరి 24న సౌత్ కరోలైనాలో ట్రంప్ మీద పోటీ చేసిన నిక్కీ హేలీకి 39.5 శాతం ఓట్లు వచ్చాయి. చార్ల్‌స్టన్ లాంటి, డిగ్రీలు ఎక్కువున్న కౌంటీల్లో ఆమే గెలిచింది. 50 డెలిగేట్లలో ఆమెకి దక్కింది 3.

మనవాళ్ళ సంగతి

తెలుగు ఇళ్ళల్లో అమెరికా రాజకీయం మీద గంటలు గంటలు వాదించేవాళ్ళలో చాలామందికి ఓటే లేదు. హెచ్1బీ వాళ్ళకి లేదు, గ్రీన్ కార్డు వాళ్ళకీ లేదు. ఓటున్నవాళ్ళు జాతి పట్టికలో "ఆసియన్" అన్న ఒక్క గడిలో పడతారు. చాలా రాష్ట్రాల ఎగ్జిట్ పోల్స్‌లో ఆ గడిలో చాలినంతమంది లేరని గీత గీసి వదిలేస్తారు. ఆదాయం, డిగ్రీల ప్రకారం పై మెట్టు, రంగు ప్రకారం మైనారిటీ. అందుకే ఈ రెండింటిలో ఏది ఓటుని లాగుతుందో చూడటానికి మనవాళ్ళు మంచి ఉదాహరణే అయ్యేవాళ్ళు, లెక్కపెట్టేవాళ్ళుంటే. టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో సౌకర్యం: అక్కడ పార్టీ నమోదే లేదు, మార్చిలో ఏ పార్టీ ప్రైమరీ కావాలో బూత్‌లోనే చెప్పొచ్చు. ఒకసారి ఒక పార్టీకి వేస్తే రనాఫ్‌లో (ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే పెట్టే రెండో విడతలో) రెండో పార్టీకి మారనివ్వరు. నవంబర్ ఫలితం ముందే ఖాయమైన జిల్లాల్లో అసలు పోటీ ఈ ప్రైమరీలోనే. మార్చిలో ఇంట్లో కూర్చుని నవంబర్‌లో సెల్ఫీ పెట్టేవాళ్ళకి ఇది ఎందుకు పట్టదో అర్థం కాదు.

2024కి డెమోక్రాట్లు అయోవాని పక్కకు నెట్టి సౌత్ కరోలైనాని మొదట పెట్టారు, ఫిబ్రవరి 3న. నల్లజాతి ఓటర్లకి మొదటి మాట దక్కాలన్నది ఉద్దేశం. ఒక్క చిక్కుంది. 2008లో వాళ్ళ నిర్ణయాన్ని మార్చింది వాళ్ళకంటే ముందు అయోవా తెల్లవాళ్ళు వేసిన ఓటు. ఎదుటివాళ్ళు ఏం చేస్తారో చూసి వేసేవాళ్ళని ముందు వరసలో నిలబెడితే, వాళ్ళు దేన్ని చూసి వేస్తారు? ఆ రోజు బైడెన్‌కి గట్టి పోటీ లేదు, 96 శాతం వచ్చింది. జవాబు తెలియాలంటే పోటీ ఉన్న ఏడాది రావాలి.